అరికాలికి అద్దం

"సెప్పులిప్పి ఎక్కండి దీదీ!"

హిందీ, తెలుగు కలగలిసిన ఆ దీవిలో, ఇంజను పాడై ఆ పొద్దున ఫెర్రీ ఆగిపోయింది. అవతలి ఒడ్డున బడికి వెళ్లాల్సిన అమ్మడు టీచర్, జాలరి జోగులు డోంగీ పడవ ఎక్కబోయింది.

"తియ్యను," అంది.

"పడవంటే మాకు గంగమ్మ తల్లి."

"నాకు షుగరుంది భయ్యా. అరికాళ్లకి స్పర్శ తక్కువ. మేకు దిగినా తెలీదు. అందుకే బూట్లు తియ్యను."

జోగులు పకపకా నవ్వాడు. "ఈ వయసులో షుగరా? వంక సెప్పడానికి బహానా ఇంకేటీ దొరకలేదా?"

అమ్మడు మొహం ఎర్రబడింది. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ పొడుచుకుంటున్న పిల్ల. ఇలాంటి నవ్వులు చాలా చూసింది.

"బడికి చుట్టు తిరిగెళ్లే రోడ్డు కూడా ఉంది," అని గొడుగు విప్పి, వానలో బస్టాండు వైపు నడిచింది.

కొన్నాళ్లకి అదే జోగులు బడి గుమ్మం ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

"మాఫ్ కరో దీదీ. మా అమ్మకీ షుగరే. కాల్లో ఆల్చిప్ప ముక్క దిగితే అమ్మకి తెలీనే లేదు. సీము పట్టి జొరమొచ్చేక సూసేం. కాలు తీసేస్తారని ఆస్పత్రికి రానంటంది. మీరు టీచరమ్మ, మీరు సెప్తే ఇంటాది."

తిట్టాలనుకున్న అమ్మడు అతని కళ్లు చూసి ఊరుకుంది. ఆ సాయంత్రమే అతని ఇల్లున్న బతు బస్తీకి వెళ్లి, అతని తల్లి బుల్లమ్మని ఆటో ఎక్కించి, దగ్గరుండి డాక్టరుకి చూపించింది.

కాలు దక్కింది. పుండు మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది. అన్నాళ్లూ అమ్మడు బడి నుంచి నేరుగా వాళ్లింటికే వచ్చేది.

"అత్తా, అద్దం కింద పెట్టి అరికాలు చూసుకో. రోజూ చూడాలి."

"అద్దంలో మొగం సూసుకుంటారు గానీ కాలు సూసుకుంటారేటే?"

"మొహం ఎక్కడికీ పోదు. కాలే పోతుంది!"

ఇంట్లో చెప్పులేసుకోవడానికి బుల్లమ్మ ససేమిరా అంది. అమ్మడూ పట్టు విడవలేదు. వట్టి కాళ్లు కనబడితే టీ ముట్టేది కాదు. గుమ్మంలో కూర్చుని జోగులు ఆమెనే చూసేవాడు. ఆమె ఇటు తిరిగితే వల బాగుచేస్తున్నట్టు నటించేవాడు. చిరిగిన చోటు మాత్రం అలాగే ఉండేది.

పుండు పూర్తిగా మానిన సాయంత్రం, ఆమెని బస్సెక్కించడానికి జోగులు వానలో గొడుగు పట్టుకుని వెంట నడిచాడు.

"ఇంక దీదీ అననండి."

"మరేమంటావు?"

"అమ్మడూ అంటాను. పెళ్లి సేసుకుంటాను."

"మీ అమ్మ ఏమంటుందో?"

"అమ్మకి నువ్వంటే పేణం. కాకపోతే నీ షుగరు సంగతి నాను సెప్పలేదు. పెళ్లయ్యేక సెబుదాం."

అమ్మడు గొడుగు కిందనుంచి బయటికి వచ్చేసింది. "దాచిపెట్టి నేను ఏ ఇంటికీ కోడలిగా రాను. ఇప్పుడే చెబుతాను."

వానలోనే వెనక్కి తిరిగింది. జోగులు గొడుగుతో వెనకే పరుగెత్తాడు.

బుల్లమ్మ పొయ్యి దగ్గరుంది.

"అత్తా, నాకూ షుగరే. రోజూ ఇన్సులిన్ సూదులు. జోగులు పెళ్లి చేసుకుంటానంటున్నాడు. నాకూ ఇష్టమే. ఇది తెలిశాక కూడా నువ్వు ఒప్పుకుంటేనే."

బుల్లమ్మ గరిటె పక్కన పెట్టింది. పులుసు పొంగబోతుంటే మంట తగ్గించింది.

"ఒలమ్మా, నీకింత బాధుండీ నా కాలు నిలబెట్టేవేటే!" లేచి అమ్మడి చెయ్యి పట్టుకుంది. "దాసేదానివైతే బయపడుదును. ఆదోరం మీ వోళ్లని రమ్మను."

అమ్మడు కళ్లు తుడుచుకుంది.

"ఏడుపాపి లోనకెళ్లి సూదేసుకో. ఈలోగా బువ్వొడ్డిస్తాను. ఒరే, అలా నిలబడిపోయేవేట్రా? ఎల్లి, సూది ఎలాగేసుకుంటాదో నేర్సుకో!"