బోర్లించిన కాగు

ఆ సాయంత్రం వంటపాకలో చేపలు వేగుతున్నాయి. మిసోరీ నదిలో పట్టిన వాలుగలు. కెజాయా వాటిని మొక్కజొన్న పిండిలో పొర్లించి పంది కొవ్వులో వేస్తోంది. ఏప్రిల్ వాన కురిసి వెలిసింది. నానబెట్టిన జనపనార వాసన పొలాల మీదుగా వచ్చి పాకలో నిండిపోయింది.

పాకకీ పెద్దింటికీ మధ్య కప్పు వేసిన నడవ ఒక్కటే ఉంది. భోజనాల గదిలో ఎవరు తుమ్మినా ఇక్కడికి వినబడుతుంది. ఈ పూట మాత్రం కేకలు వినబడుతున్నాయి. కరోలినాలో కోట మీద ఫిరంగులు పేలి యుద్ధం మొదలైందన్న కబురు మధ్యాహ్నమే పడవలో వచ్చింది. అప్పటినుంచి క్రెన్‌షా అన్నదమ్ములిద్దరికీ ఆవేశం ఆగడం లేదు.

"మన బానిసల్ని మన దగ్గర్నుంచి లాక్కుంటామంటే చూస్తూ ఊరుకోమంటావురా?" పెద్దవాడు ఏసా బల్ల గుద్దాడు. "దక్షిణాది విడిపోయింది. మనం కూడా విడిపోవాల్సిందే."

"విడిపోయి ఏం తింటావన్నా? నీ మీసాలా?" అన్నాడు చిన్నవాడు వారెన్. "దేశాన్ని ముక్కలు చేసేవాడు నాకు అన్నయ్యే కాదు."

"ఉత్తరాది వాళ్ళ చంకనెక్కిన వాడు నాకు తమ్ముడూ కాదు పో!"

వారెన్ దేశం ఒక్కటిగా ఉండాలని గుండెలు బాదుకుంటాడు గానీ, బానిసలను వదిలేద్దామని పొరపాటున కూడా అనడు. ఏడాదిగా ఆ గదిలో రోజూ ఇదే రభస, అదంతా కెజాయా లాంటివాళ్ళ గురించే. ఆమె మాత్రం ఇద్దరి పళ్ళేల్లోనూ కూర వడ్డించి వెనక్కి వచ్చేది. ఆ పెద్దమనుషులను తలచుకుంటే ఒకప్పుడు ఆమెకి నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

తెల్లారితే అన్నదమ్ముల ఆస్తి పంపకాలు. కెజాయా ఏసా వాటాకి వచ్చింది. అతను తన మనుషులందరినీ తోలుకుని టెక్సస్ పోతున్నాడు. ఆమె కూతురు టెంపీ వారెన్ వాటాకి పోయింది. ధర పడిపోకముందే సెయింట్ లూయిస్ సంతలో అమ్మేస్తాడట.

"టెక్సస్ ఎంత దూరం అమ్మా?" అంది టెంపీ.

"నీకెందుకే? చేప మాడుతోంది, చూడు."

కూతురి జడ వంక చూస్తూ నిలబడింది కెజాయా. ఆ జడ ఇకమీదట ఎవరు అల్లుతారో అనుకుంది. అప్పుడు ఆమె కళ్ళు కట్టెల మూలకి వెళ్ళాయి.

అక్కడ ఒక పెద్ద ఇనప కాగు బోర్లించి ఉంది. దాని మూడు కాళ్ళలో ఒకటి సగానికి విరిగింది. అది కెజాయా తల్లి జూడిత్ వాడిన కాగు. బానిసలు దొంగచాటుగా ప్రార్థనకి కూడినప్పుడు ఆవిడ దాన్ని గుమ్మంలో బోర్లించేది. లోపలి పాటలూ ఏడుపులూ దొరల చెవిన పడకుండా కాగే మింగేసేది. ప్రార్థన అయ్యాక దాన్ని ఏటికి తీసుకెళ్ళి, పారే నీళ్ళలో కడిగి, మింగినదంతా వదిలించేది.

ఒక్కసారి మాత్రం కడగలేదు. ఈ ఇంటి బానిసలను కొందరిని దళారికి అమ్మిన ముందురోజు అందరూ చేరి గుండెలు పగిలేలా ఏడ్చారు. కెజాయా అక్క కూడా అప్పుడే అమ్ముడుపోయింది, చంటిపిల్లను ఇక్కడే వదిలేసి. "ఇది కడిగితే పోయేది కాదు. దీన్ని ఎప్పుడూ వెల్లకిలా తిప్పకండి," అంది జూడిత్. చనిపోయేముందు కూడా అదే మాట.

ఆ ఏడుపు ఈ అన్నదమ్ములు ఒక్కసారి వినాలి, అనుకుంది కెజాయా. వింటే మనసు కరగదా? వాళ్ళూ తల్లి కడుపున పుట్టినవాళ్ళేగా.

"అమ్మా, వద్దు. అమ్మమ్మ వద్దంది."

"అటు పట్టుకో."

కాగు బరువుగా తిరిగింది. అడుగున ఏమీ లేదు, తుప్పు తప్ప. ముందు వాసన వచ్చింది. ఏటి బురద వాసన. దాని వెనకే పచ్చి బాలింత వాసన. టెంపీ ముక్కు మూసుకుంది.

పొయ్యి చిటపటలు ఆగిపోయాయి. మంట మండుతూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు.

కాగులో ఎవరో ఊపిరి తీసుకున్నారు...

"ఒక్కసారి ఎత్తుకోనివ్వండి దొరా... పాలు పట్టి ఇచ్చేస్తాను..."

అది అక్క గొంతు. ఆ వెనక ఇంకో గొంతు... ఇంకోటి... పాకంతా ఏడుపు. పెద్దింట్లో అరుపులు ఠక్కున ఆగిపోయాయి. దీపం పట్టుకుని అన్నదమ్ములిద్దరూ గుమ్మంలోకి వచ్చారు.

ఏడుపు సన్నగిల్లింది. అయిపోయిందనుకుంది కెజాయా.

అవలేదు.

లోపల ఎక్కడో డప్పు మోగింది. బూట్ల చప్పుడు... వేలకి వేలు. గుర్రాల సకిలింపులు. ఫిరంగి. పాక కప్పులోంచి మట్టి రాలింది. కుర్రాళ్ళు అమ్మా అమ్మా అని అరుస్తున్నారు. ఇవి జూడిత్ మూసి పెట్టిన గొంతులు కావు, ముందు ముందు రాబోయేవి. ఈ గొంతులు కెజాయా ఎన్నడూ వినలేదు.

అందులో రెండు మాత్రం తెలిసినవే.

"అన్నా... నువ్వా? చీకట్లో... తెలీలేదన్నా..."

"దాహంగా ఉందిరా వారెన్... కొంచెం నీళ్ళు..."

గుమ్మంలో నిలబడ్డ వారెన్ పెదాలు కదలలేదు. ఏసా పెదాలూ కదలలేదు.

"బోర్లించు," అన్నాడు ఏసా గుసగుసగా. "బోర్లించవే దాన్ని!"

"బోర్లిస్తాను దొరా. నా పిల్లని నా దగ్గరే ఉంచండి. అంతకన్నా ఏమీ అడగను."

ఏసా తమ్ముడి వైపు తిరిగాడు. "ఇచ్చెయ్యరా ఆ పిల్లని."

"నా వాటా నేనెందుకిస్తాను? కావాలంటే కెజాయానే నువ్వు ఇటివ్వు."

"వంటమనిషిని నీకిచ్చి టెక్సస్‌లో నేను గడ్డి తినాలా?"

కాగులో ఏసా గొంతు గురగురలాడుతోంది... నీళ్ళు... నీళ్ళు... దాని పక్కనే నిలబడి, నీదా నాదా అని వాదించుకుంటున్నారు ఇద్దరూ. కెజాయాకి ఒళ్ళు జలదరించింది. కాగుని చూసి కాదు, వాళ్ళని చూసి. వీళ్ళు చావు గొంతు విన్నా మారరు.

ఇద్దరూ ఒకేసారి కాగు అంచు పట్టుకున్నారు. ఏసా తన వైపు లాగాడు. వారెన్ తన వైపు లాగాడు. కాగు ఉన్నచోటే ఉంది. కెజాయా కూతురి చెయ్యి పట్టుకుని వెనక తలుపులోంచి బయటికి నడిచింది.

పెరట్లో వేటకుక్కలు గొలుసులు తెంపుకునేలా ఎగురుతున్నాయి. నోళ్ళు తెరుచుకుంటున్నాయి... మొరుగు వినబడలేదు. డప్పు తప్ప ఇంకేమీ వినబడలేదు. రేవులో పడవ విప్పి తోస్తుంటే తెడ్డుకి కూడా చప్పుడు లేదు. నది నడిమికి వచ్చాకే డప్పు ఆగింది.

అవతలి గట్టు కాన్సస్. ఈ మధ్యనే బానిసలు ఉండకూడదని తీర్మానించుకున్న రాష్ట్రం. అక్కడ బట్టలుతికే హెప్సీ అనే ముసలామె, ఒకప్పుడు తనూ పారిపోయి వచ్చిన మనిషే, తలుపు తీసి వాళ్ళకి వేడి గంజి పోసింది.

"గట్టిగా ఏడవండమ్మా, గట్టిగా నవ్వండి," అందావిడ. "ఇక్కడ కాగు బోర్లించే పని లేదు. నా ఇంట్లో కాగే లేదు. రాగి బానలే."

కెజాయా కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తనివితీరా ఏడ్చింది.

తెల్లారి డప్పు మోతకి మెలకువ వచ్చింది. ఊళ్ళో కుర్రాళ్ళు సైన్యంలో చేరుతున్నారు. రాత్రి విన్న దరువే. పక్కన టెంపీ లేదు. కెజాయా గుమ్మంలోకి పరిగెత్తింది.

టెంపీ మెట్టు మీద మోకాళ్ళపై కూర్చుని ఉంది. ఎదురుగా ఇనప కాగు, నిండా తడిసి, బోర్లించి ఉంది. మూడు కాళ్ళూ పైకి లేచి ఉన్నాయి. ఒకటి సగానికి విరిగింది.

"దూరం జరగవే!"

టెంపీ కాగుకి చెవి ఆనించే ఉంది. "అమ్మా... ఇందులో నువ్వు పిలుస్తున్నావు."

"ఏమని?"

"నా పేరే... ఎక్కడున్నావే తల్లీ అని. చాలా దూరం నుంచి."

కెజాయా కూతురి మణికట్టు గట్టిగా పట్టుకుంది. కాగు లోపలి నుంచి ఆ గొంతు, ఈసారి ఆమెకి కూడా వినబడేట్టు, మళ్ళీ పిలిచింది.