రెండో కాలమ్

అయినా సున్నా అంటే ఏమిటి? లేదనా, దొరకలేదనా? పదకొండేళ్లుగా మాత్రలు మింగుతున్నాడు. మామూలు రక్తపరీక్షలో వైరస్ కనపడదు. అంతమాత్రాన పోయినట్టా? కణాల్లో దూరి ముడుచుకుని పడుకుంటుంది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే లేచి కూర్చుంటుంది. తనకన్నా గొప్ప గూఢచారి అనుకున్నాడు ఏజెంట్, టెక్నీషియన్ వేషానికి తెచ్చిన తెల్లకోటు గుండీలు పెట్టుకుంటూ. పై గుండీలో కెమెరా ఉంది.

నిద్రపోతున్న ఆ వైరస్‌ని లెక్కపెట్టే ల్యాబ్ అది. మెషిన్ ఒక్కో శాంపిల్‌ని ఇరవై వేల బొట్లుగా విడగొట్టి, హెచ్ఐవీ జన్యువు ఏ బొట్టులో ఉందో వెతుకుతుంది. తమ ఇంజెక్షన్ తీసుకున్న నలభైమందిలో లెక్క సున్నాకి దిగిందని ఒక విదేశీ ముఠా పదకొండింటికి ఈ ల్యాబ్ హాల్లోంచే టీవీ లైవ్‌లో ప్రకటించబోతోంది. నమ్మి మాత్రలు మానేస్తే లక్షలమందికి చావే. ఆ నలభైమందిలో నంబరు పదిహేడు, పెట్టుడు గడ్డంతో చేరిన ఏజెంటే. అతని జబ్బు సంగతి ఆఫీసులో చీఫ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

"టైమెంత?" చెవిలో చీఫ్ గొంతు.

"పది యాభై ఆరు."

"ముత్యం సాయం తీసుకో. మన మనిషే."

ముత్యం అంటే ల్యాబ్ డైరెక్టర్. ముఠాలో చీఫ్ నాటిన అందగత్తె.

ఏజెంట్ మెషిన్ పక్కనున్న ల్యాప్‌టాప్ కేసి చూశాడు. నంబరు పదిహేడు. మొదటి కాలమ్‌లో వైరస్ సున్నా. రెండో కాలమ్‌లో మనిషి కణాలు, అవీ సున్నా. నలభైమందికీ అంతే!

అంటే ట్యూబుల్లో రక్తం తీసేసి ఉప్పునీళ్లు పోశారు. శాంపిల్‌లో అసలు కణాలున్నాయా అని చూసుకోవడానికే రెండో కాలమ్ ఉంటుంది. బెంచి ముందు ఒక్కరోజు కూర్చున్నవాడికైనా తెలిసే సంగతి. రిపోర్టు కింద ముత్యం సంతకం.

"సార్, మీ ముత్యం గాజుపూస."

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని హాల్లోకి పరుగెత్తాడు.

లైవ్ అప్పటికే మొదలైంది. "ఒక్క నిమిషంలో ప్రకటన," అంటోంది యాంకర్, పక్కనే ముత్యం.

"డైరెక్టర్ మేడమ్, రెండో కాలమ్ కూడా చూపించండి. నలభైమంది రక్తంలో ఒక్క కణమైనా లేదేం?"

ముత్యం నవ్వింది. "మెషిన్ పొరపాటయ్యుంటుంది. అంత అనుమానమైతే ఒక్క పేషెంటుని పట్టుకురా. అందరి ముందూ రక్తం తీసి మళ్లీ కొలుద్దాం. కెమెరా ముందుకొచ్చి 'నాకుంది' అనేవాడు దొరకాలిగా!"

ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఎవరూ రారనే ధీమా మీదే కదా వీళ్ల వ్యాపారమంతా! ఇన్నాళ్లూ తన మౌనం కూడా దానికి కాపలా కాసినట్టే.

"ఒరేయ్, వద్దు! ఆఫీసంతా టీవీ ముందే ఉంది," చీఫ్ కంగారుపడ్డాడు.

"చూడనివ్వండి సార్. నేనేం దొంగతనం చేశానని?"

కెమెరా వైపు తిరిగాడు. "నంబరు పదిహేడు నేనే. నాకుంది. తీయండి రక్తం."

యాంకర్ చెయ్యెత్తింది. "ప్రకటన ఆపండి! కొలిచాకే ఏదైనా."

గడియారంలో పదకొండుకి ఇంకా మూడు సెకన్లున్నాయి. ముత్యం జారుకోబోయి తలుపు తీసింది. బయట చీఫ్ మనుషులున్నారు.

ల్యాబ్ నర్సమ్మ సూది సిద్ధం చేసింది. "ఏ చెయ్యి బాబూ?"

"మీ ఇష్టమమ్మా. ట్యూబు మూత మాత్రం నా కళ్లముందే పెట్టండి."

చొక్కా చేతిని మోచేతి పైకి మడిచాడు.