నాలుగో బకెట్

జనవరి నాలుగో తేదీ ఆదివారం వీరరాఘవులుకు బాగా గుర్తు. గ్వెల్ఫ్‌లోని తెలుగువాళ్ల చర్చిలో కొత్త సంవత్సరం ఫలహారానికి మిత్రుడొకడు పిలిస్తే వెళ్లి, ఏడు ఇడ్లీలు, అల్లం పచ్చడి, రెండు గ్లాసుల కాఫీతో కడుపు నింపుకున్నాడు. బయట కెనడా శీతాకాలం, మైనస్ పద్దెనిమిది. ఆ చలిలో పిండి పులవడమే గొప్ప. ఆ ఇడ్లీలు మాత్రం వేలు తగిలితే విరిగేంత మెత్తగా ఉన్నాయి. వంటగదిలో జ్ఞానవతి అనే పెద్దావిడ తెల్లటి ప్లాస్టిక్ బకెట్‌లోంచి పిండి తీస్తోంది. పక్కన పెట్టిన దాని మూతకు నడిమధ్యన చిన్న చిల్లు. "ఇంకో రెండు వేసుకోండి అన్నయ్యగారూ, మొహమాటపడకండి" అందావిడ. అలా ఒకరు అడిగి వడ్డించి చాలా రోజులైందని ఆయన తిరుగు ప్రయాణంలో అనుకున్నాడు.

ఫిబ్రవరి రెండు, సోమవారం ఉదయం. బ్రాంప్టన్‌లో టైర్ల షాపు పైనున్న ధాత్రి ఆఫీసు మెట్లెక్కి ఒక అమ్మాయి వచ్చింది. ధాత్రి లైసెన్సు ఉన్న ప్రైవేట్ డిటెక్టివ్. నలభై రెండేళ్ల మనిషి, తక్కువ మాట్లాడుతుంది. బ్యాంకులో రిటైరై కూతురి దగ్గరికి వచ్చేసిన వీరరాఘవులు రెండేళ్లుగా ఆమెకు అసిస్టెంటు. ఒక గదిలో ఆమె ఏం చూసిందో, అదే గదిలో తానేం చూడలేకపోయాడో పోల్చుకోవడం ఆయనకు పేపరు చదవడం కంటే ఇష్టం.

అమ్మాయి కుర్చీ అంచున కూర్చుంది. ఆయన ఇచ్చిన టీ కప్పును రెండు చేతులతో పట్టుకుందిగానీ తాగలేదు.

"నా పేరు సాత్విక మేడమ్. మాది జగిత్యాల. గ్వెల్ఫ్‌ల నాకిది ఆఖరి సెమిస్టర్. సంజయ్ సార్ వాళ్ల బేస్‌మెంట్‌ల ఒక రూమ్‌ల ఉంటున్న. పక్క రూమ్‌ల సార్ బీర్ చేస్తడు. మొన్న శనివారం వచ్చి, నా బీర్‌ల వెనిగర్ పోసినవ్, వారంల ఖాళీ చెయ్ అన్నడు. నేను ఆ బకెట్లు ముట్టనే లేదు."

"నిన్నే ఎందుకు అనుమానించాడు?"

"వాసనొస్తుందని రెండుసార్లు చెప్పిన. అదే నేను చేసిన తప్పు." ఆమె ఫోన్ చాపింది. గ్వెల్ఫ్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు, తొమ్మిది వందల మంది. సాత్విక ఫొటో, దాని కింద నాలుగు మాటలు: 'ఈ అమ్మాయికి రూమ్ ఇచ్చేముందు ఆలోచించుకోండి. తినేవాటిలో, తాగేవాటిలో ఏదైనా కలపగలదు.'

"నిన్న రెండు రూమ్‌లు మాట్లాడుకున్న. ఇద్దరూ వద్దన్నరు. ఇది ఎవరో మా అమ్మక్కూడా పంపిండ్రు మేడమ్."

"ఫొటో కూడా పెట్టాడా?" అంది ధాత్రి. గొంతు మామూలుగానే ఉంది. పెన్ను మూత మాత్రం ఊరికే రెండుసార్లు తీసి పెట్టింది. ఆమెకు కోపం వచ్చిందని వీరరాఘవులు గ్రహించాడు.

"పోయిన వారంలో ఇంకేమైనా కొత్తగా జరిగిందా? చిన్నదైనా పర్లేదు."

"బుధవారం పొద్దున్న మెట్ల మీద ఐస్ పేరుకుంటే కరగనీకి, సార్ కొత్తగ పెట్టిన ఉప్పు బకెట్‌లకెల్లి తీసి నేనే చల్లిన. అదే రోజు హీటర్ చూస్తనని నా రూమ్‌లకొచ్చి టేప్‌తోటి గోడలు కొలిచిండు. అంతే."

మధ్యాహ్నం ముగ్గురూ ధాత్రి కారులో గ్వెల్ఫ్ వెళ్లారు. సంజయ్ ఇంటి మెట్ల పక్కనే ఉప్పు బకెట్ ఉంది. మెట్టు మీద జారబోయిన వీరరాఘవులు గుప్పెడు ఉప్పు చల్లుదామని మూత తీశాడు. లోపల ఉప్పంతా రాయిలా బిగుసుకుపోయింది.

"మూతకు చిల్లుంటే మంచు దిగి గడ్డకట్టదూ!" అని సణిగాడు.

ధాత్రి వంగి, బకెట్ లోపలి గోడ మీద వేలు రాసి చూసి, మూత పెట్టేసింది.

సంజయ్ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. డిటెక్టివ్ అనగానే మొహం చిట్లించాడుగానీ, బీరు గురించి అడగ్గానే వెలిగిపోయాడు. షూ రాక్ పక్కన, డైనింగ్ టేబుల్ కింద, మెట్లకు ఒక వారగా, ఎక్కడ చూసినా సీసాల అట్టపెట్టెలే.

"ఎన్ని సీసాలుంటాయి?" అడిగింది ధాత్రి.

"ఫోర్ హండ్రెడ్ దాటాయండీ. అంతా హోమ్ బ్రూ. నో కెమికల్స్."

"మీరు రోజుకెన్ని తాగుతారు?"

"ఒకటి. డాక్టర్ ఒకటే అన్నాడు."

"మిగతావి?"

"ఫ్రెండ్స్‌కి ఇస్తాను. అమ్మకూడదు కదా, ఇల్లీగల్."

"ఫ్రెండ్సా?" వంటగదిలోంచి అతని భార్య మధుమిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈయన కారు కనబడితే లైట్లార్పేసి కూర్చుంటున్నారండీ ఫ్రెండ్సు. గరాజ్ నిండా బీరు, మా కారేమో మంచులో. ఇంకొక్క పెట్టె ఇంట్లో కనిపిస్తే సింకులో పోస్తానని చెప్పేశాను."

"మధూ, ప్లీజ్."

బేస్‌మెంట్‌లో సాత్విక గది తలుపు పక్కన కూడా అప్పుడే ఆరు పెట్టెలు చేరాయి. బీరు గదిలో నాలుగు తెల్ల బకెట్లు వరసగా ఉన్నాయి. ప్రతి మూత చిల్లులోనూ, గాలి బయటికి పోవడానికి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం.

"గింజల రసం మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి మూత పెట్టడమే. మూడు వారాలు పులుస్తుంది" అన్నాడు సంజయ్. "నాలుగూ జనవరి పదిన ఒకేసారి వేశాను. మూడు సూపర్‌గా ఉన్నాయి. ఈ చివరిది చూడండి, ఆ పిల్ల ఏం చేసిందో!"

"పాడైందని ఎప్పుడు తెలిసింది?"

"శనివారం. అంతదాకా మూతే తీయలేదు. తీయకూడదు."

ధాత్రి మూతలన్నీ తీయించి టార్చి వేసింది. మూడు బకెట్లు వాడి వాడి పసుపెక్కాయి. పాలు పొంగి దిగిన గిన్నెకు చార కట్టినట్టు, వాటి లోపల పై అంచున గోధుమరంగు చార ఉంది. నాలుగోది మల్లెపువ్వులా తెల్లగా ఉంది, ఏ చారా లేదు. ఆమె అందులోంచి గ్లాసులో కొంచెం తీసి వీరరాఘవులుకు అందించింది. ఆయన వాసన చూసి, చుక్క నాలుక మీద వేసుకున్నాడు.

"వెనిగర్ ఘాటు ముక్కుకు తగలట్లేదమ్మా. బాగా పులిసిన పిండి మీద తేరిన నీళ్లలా ఉంది."

"ఈ బకెట్లు మీరు కాక ఇంకెవరైనా కడుగుతారా?" అని సంజయ్‌ని అడిగింది.

"నో ఛాన్స్. నేనే, మెత్తటి గుడ్డతో. ప్లాస్టిక్ మీద చిన్న గీత పడినా అందులో సూక్ష్మజీవులు దూరిపోతాయి, ఇంక ఎంత కడిగినా..." అంటూ సంజయ్ ఆగిపోయాడు.

"ఒకటి జ్ఞానవతి ఆంటీకి ఇచ్చానుగా, చర్చిలో కొత్త సంవత్సరం ఇడ్లీల పిండికి" అంది మెట్ల మీద నుంచి మధుమిత. "ఆ మర్నాడే తళతళలాడేలా తోమి తెచ్చిచ్చారు."

"దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు సంజయ్ విసురుగా.

ధాత్రి గరాజ్ చూస్తానంది. అక్కడ విప్పని స్టీలు అలమరాలు ఆరు, అట్టల్లోనే గోడకు ఆనించి ఉన్నాయి. వాటి మీది డెలివరీ చీటీలో తేదీ జనవరి ముప్పై, శుక్రవారం. ఆమె ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, జ్ఞానవతి నంబరు కావాలని మధుమితను అడిగింది.

సాయంత్రం ఏడు గంటలకు అందరూ హాల్లో కూర్చున్నారు. జ్ఞానవతి కోటు విప్పకుండానే సాత్విక పక్కన చేరి, ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. వీరరాఘవులు నేల మీద పాత పేపర్లు పరిచి, ఉప్పు బకెట్‌ను తెచ్చి, బోర్లించి ఉప్పు గడ్డను దొర్లించి, ఖాళీ బకెట్‌ను తిప్పి పెట్టాడు.

"ఇది గుర్తుపడతారా ఆంటీ?" అంది ధాత్రి.

జ్ఞానవతి కళ్లజోడు సర్దుకుని లోపలికి చూసింది. గోడల నిండా గుండ్రంగా సన్నటి గీతలు.

"నేను తీసుకెళ్లిన బకెట్టే కదమ్మా ఇది. పిండి వాసన పోలేదని స్టీలు పీచు పెట్టి చేతులు నొప్పెట్టేదాకా తోమాను. ఒకళ్ల గిన్నె తెచ్చుకుంటే అంతకంటే శుభ్రంగా ఇవ్వొద్దూ? ఏం, పాడైందా?"

"మీరు చేసింది మర్యాద ఆంటీ. అందరం అదే చేస్తాం. కానీ ఈ ప్లాస్టిక్‌కు పీచు పనికిరాదు. మీ పిండిని పులియబెట్టిన సూక్ష్మజీవులే ఈ గీతల్లో దాక్కున్నాయి. ఆ సంగతి తెలియక సంజయ్ గారు జనవరి పదిన ఇందులోనే బీరు వేశారు. అది పిండిలా పులిసింది. వెనిగర్ ఎవరూ పోయలేదు."

"ఆల్‌రైట్, నేను పొరపాటు పడ్డాను" అన్నాడు సంజయ్. "నాకెలా తెలుస్తుంది?"

"మీకు తెలుసు. కింద ఉన్న నాలుగో బకెట్ కొత్తది. అందులో మూడు వారాలు బీరు పులిసి ఉంటే మిగతావాటిలా చార కట్టేది. పాడైన బీరును తరవాత అందులో పోశారు. గీతలు ఎవరి కంటా పడకుండా పాతదాన్ని ఉప్పుకు పెట్టారు. బుధవారం పొద్దున్న సాత్విక ఇందులోంచే ఉప్పు తీసి మెట్ల మీద చల్లింది. శనివారం దాకా మూతే తీయలేదన్న మనిషి, బుధవారానికే ఆ బకెట్లో ఉప్పెలా పోశారు?"

వీరరాఘవులు మధ్యాహ్నం ఆ బకెట్ మూత తన చేత్తోనే తీసిన సంగతి తలుచుకుని, తనలో తాను తల ఊపుకున్నాడు.

"బుధవారమే ఈ అమ్మాయి గది కొలిచారు. శుక్రవారానికి అలమరాలు వచ్చాయి. శనివారం దొంగను చేశారు. సీసాలు పెట్టుకోవడానికి మీకు గది కావాలి. నోటీసిస్తే అరవై రోజులు ఆగాలి, పైగా బీరు కోసం గది ఖాళీ చేయిస్తానంటే మీ ఆవిడ ఒప్పుకోదు. అమ్మాయి చెడ్డదైతే ఆ రెండు అడ్డంకులూ ఒకేసారి తొలగుతాయి."

మధుమిత మొగుడి వైపు తిరిగింది. "నాతో ఏమన్నావు? ఆ పిల్లను చూస్తే భయమేస్తోందన్నావు. రెండు రాత్రులు నేను వంటింటికి తాళం వేసుకున్నాను సంజయ్!"

"మధూ, ఇట్స్ జస్ట్ ఎ రూమ్..."

"గది కాదు!" ధాత్రి గొంతు మొదటిసారి లేచింది. "ఇరవై రెండేళ్ల పిల్ల ఫొటో తొమ్మిది వందల మంది ముందు పెట్టారు. ఫిబ్రవరిలో వీధిలోకి నెట్టబోయారు. దేనికోసం? మీరు తాగలేని, మీ స్నేహితులు వద్దంటున్న బీరు కోసం! ఫోన్ తీయండి. అదే గ్రూపులో రాయండి."

సంజయ్ చాలాసేపు టైపు చేసి చూపించాడు.

"'మిస్‌అండర్‌స్టాండింగ్' తుడిచేయండి. 'అబద్ధం చెప్పాను' అని రాయండి. ఎందుకు చెప్పారో కూడా రాయండి."

అతను రాశాడు. గ్రూపులో ఉన్నవాళ్ల ఫోన్లు ఒకేసారి మోగాయి.

"ఇంకొకటుంది సార్." అప్పటిదాకా నోరు విప్పని సాత్విక లేచి నిలబడింది. "మా అమ్మకు మీరే చెప్పాలె."

"ఇప్పుడా? అక్కడ ఇంకా తెల్లారలేదేమో."

"మూడు రోజులసంది పండలేదు మా అమ్మ."

మొదటి రింగుకే అవతల ఎత్తారు. సాత్విక స్పీకర్ పెట్టి ఫోన్ అతని ముందుంచింది. సంజయ్ కార్పెట్ వైపు చూస్తూ, "అమ్మా, నేను సంజయ్‌ని. మీ అమ్మాయి ఏమీ చేయలేదు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాడు. అవతలి నుంచి ఒక ఆడగొంతు, "నా బిడ్డ గసొంటిది కాదని నాకెర్కే సారూ. మీకెర్కుండి ఎట్లన్నరు?" అంది. వీరరాఘవులు కళ్లజోడు తుడుచుకునే నెపంతో కిటికీ వైపు తిరిగాడు.

"మా ఇంటికొచ్చెయ్యి తల్లీ, పైన గది ఖాళీగానే ఉంది" అంది జ్ఞానవతి, సాత్విక భుజం మీద చెయ్యి వేసి.

"వస్త ఆంటీ, ఆదివారం భోజనానికి. రూమ్ మాత్రం ఇదే. ఏప్రిల్ దాకా మాట్లాడుకున్న. తప్పు చెయ్యకుంట నేనెందుకు పోవాలె?"

మధుమితే ముందు లేచి బేస్‌మెంట్‌లోకి దిగింది. సాత్విక గది ముందు చేరిన ఆరు పెట్టెలనూ ఒక్కొక్కటిగా పైకి మోసింది. సంజయ్ సాయం రాబోతే, "నువ్వు ముట్టుకోకు" అంది. చివరి పెట్టె తీశాక మళ్లీ కిందికి వచ్చి, "అమ్మాయ్, నేను నిన్నొక్క మాట అడిగి ఉండాల్సింది" అంది.

"అడగాల్సింది ఆంటీ" అంది సాత్విక. "గుడ్ నైట్."

విసిరి కొడితే ఇల్లంతా అదిరే బరువైన తలుపు అది. ఆమె చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, లోపల గడియ పెట్టుకుంది.