ఒక్కసారికే నమ్మే మనిషి

తెల్లారేసరికి యాంగ్జీ పొయ్యిలో జడలబర్రె పిడకలు వేసి, వెన్న కలిపిన ఉప్పు టీ కాస్తోంది. చలి ముదిరేలోగా ఆ కొండ బసకు వచ్చిన చివరి అతిథులు రబిన్, రోజినా. పెళ్ళిరోజని కఠ్మాండూ నుంచి వచ్చారు, పైనున్న మంచు కనుమ దాటాలని. వాళ్ళకు దారి చూపేది యాంగ్జీ మొగుడు గేల్జే.

రోజినా రాత్రంతా వాంతులు చేసుకుంది. గది నిండా పులిసిన కంపు. రబిన్ మెడగుడ్డ ముక్కు మీదికి లాక్కుని, పెళ్ళానికి వీపు తిప్పి కూర్చుని, ముద్ద ముద్దకీ గుడ్డ కిందికి దించి అట్టు తింటున్నాడు. మధ్యమధ్యలో ఫోనెత్తి, కిటికీలో కనిపించే కొండ పక్కన తన మొహం పెట్టి నవ్వుతున్నాడు. వాంతి ఎత్తిపోసినప్పుడు కూడా రాని వెగటు యాంగ్జీకి ఆ నవ్వు చూస్తే వచ్చింది.

"అక్కా, ఆ బకెట్ కాస్త అటు జరుపుతారా? తినలేకపోతున్నాను."

"బకెట్ జరుపుతాను బాబూ. మీ ఆవిడను ఎటు జరపమంటారు?"

రోజినా లేవబోయి, తాగినదానిలా తూలి గోడ పట్టుకుంది. "నాకేం లేదు రబిన్. నువ్వు వెళ్ళు. నేనిక్కడే పడుకుంటాను."

"చూశారా, తనే వెళ్ళమంటోంది!" రబిన్ హాయిగా సంచి భుజానికెత్తుకున్నాడు. "పదన్నా, బయల్దేరదాం."

గేల్జే గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. "ఆవిడే వెళ్ళమంటుంటే ఇంకేం" అన్నాడు తలెత్తకుండా.

అంతే, యాంగ్జీ చేతిలో గరిటె విసిరికొట్టింది.

"థూ! ఇద్దరూ ఇద్దరే! ఏమయ్యా, మన షెర్పాల ఇళ్ళల్లో చుట్టం టీ వద్దంటే నమ్ముతామా? మూడుసార్లు బతిమాలి పోస్తాం. మొదటిసారి వద్దనేది మర్యాదకని పాలు తాగే పిల్లకీ తెలుసు. గుక్కెడు టీకి అన్నిసార్లు అడుగుతారే, పెళ్ళాం ప్రాణం దగ్గరికొచ్చేసరికి ఒక్కసారికే నమ్మేస్తారా?"

"అది మీ ఆచారం అక్కా, మాకేం..."

"నోర్ముయ్యి. ఈ ఎత్తు ఆవిడకు పడలేదు. గుక్కెడు నీళ్ళు కడుపులో నిలవట్లేదు, అడుగు తిన్నగా పడట్లేదు. ఇప్పుడే కిందికి దించకపోతే మనిషి దక్కదు. అప్పుడు ఎవరి పక్కన నిలబడి నవ్వుతావ్?"

రబిన్ మొహం పాలిపోయింది. గేల్జే మాత్రం పెళ్ళాన్నే చూస్తున్నాడు. "నా మీద కూడా కోపం ఉన్నట్టుంది" అన్నాడు మెల్లగా.

యాంగ్జీ అతని వైపు తిరిగింది. "పోయినేడు వానలు తగ్గగానే యాత్రికులతో బయల్దేరావు. అప్పటికే నాకు రక్తం కనబడుతోంది. ఒంట్లో బాగోలేదా అన్నావు. ఏం లేదు, వెళ్ళు అన్నాను. వెళ్ళిపోయావు. నువ్వొచ్చేసరికి నా కడుపు ఖాళీ. ఇంకొక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని. అప్పట్నుంచీ నీ పక్కన పడుకోవాలంటేనే నాకు అసహ్యం!"

గేల్జే లేచాడు. సామాన్లు మోసే పెద్ద బుట్టలో కంబళి పరిచి, రోజినాను కూర్చోబెట్టాడు. రబిన్ భార్య సంచి అందుకున్నాడు, ముక్కు మీది గుడ్డ తియ్యకుండానే.

"ఆ గుడ్డ తీసి మీ ఆవిడ మూతి తుడువు" అంది యాంగ్జీ.

తుడిచాడు. ఆ పొద్దుట అతను భార్యను తాకడం అదే మొదలు. రోజినా కళ్ళు మూసుకుని ఏడ్చింది.

గేల్జే బుట్ట వీపుకెత్తుకుని, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని గుమ్మంలో ఆగాడు.

"తిరిగొచ్చేసరికి రేపవుతుంది. వెళ్ళనా?"

"వెళ్ళు."

కదల్లేదు. "నిజంగా వెళ్ళనా?"

"ఆవిడకు ప్రాణం మీదికొస్తుంటే ఇప్పుడా అడగడం? వెళ్ళవయ్యా!"

"వెళ్తాను." బుట్టతోనే ఆమె వైపు తిరిగాడు. "యాంగ్జీ, నీకు నేను కావాలా?"

ఆమె అరచేత్తో మొహం తుడుచుకుంది.

"కావాలి" అంది. "ఆవిడను దించేసి తొందరగా రా."