పెద్దదైతే కొత్తదా?

"యాడుండాది కొత్త? చూపీ మేడమ్!"

ఆ గొంతు షాపు దాటి రోడ్డు మీది ఆటోల దాకా వినిపించింది. ఆరాధన చేతిలోని ట్యాబ్ జారబోయి ఆగింది.

కడపలోని ఆ మొబైల్ షాపులో ఆమె చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఆ రోజు పెద్ద ట్యాబ్ విడుదల. గుమ్మానికి బెలూన్లు కట్టారు. "సరికొత్త ప్రొడక్ట్" అని చెప్పమని ఓనర్ పొద్దున్నే వల్లె వేయించాడు. ఆమె చెప్పింది. అంతలోనే గుంపులోంచి ఈ మనిషి లేచాడు. జుట్టు మీద, కనుబొమల మీద, చొక్కా మీద అంతా రాతి పొడి. బండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"స్క్రీన్ పెద్దది సార్," అంది ఆరాధన.

"అది కనపడతానే ఉండాది. కొత్తదేది?"

"అంటే... డిస్‌ప్లే ఇంకా..."

"నేను బండలు కోసేటోన్ని. చిన్న బండ పక్కన పెద్ద బండ పెట్టి కొత్త రాయి కనిపెట్టినా అంటే జనం నన్ను తంతారు. మీరేమో బెలూన్లు కట్టినారు!"

అందరూ నవ్వారు. ఓనర్ నవ్వలేదు. 

కంపెనీలు ఇంతే. అంగుళం పెంచి యుగం మారిందంటాయి. అబద్ధం వాళ్ళది, తిట్లు మాత్రం కౌంటర్ దగ్గర నిలబడిన ఆడపిల్లకు. ఈ సంగతి బండలు కోసే ఏసుబాబుకు తెలియక కాదు. అరిచేశాక గుర్తొచ్చింది. అప్పుడు ఆ పిల్ల కళ్ళు చూశాడు. బెదిరిపోయి, తడిసి, పెద్దవై ఉన్నాయి. ట్యాబ్ సంగతేమో గాని ఆ కళ్ళు మాత్రం అతనికి సరికొత్తగానే కనిపించాయి.

మరుసటి రోజు మళ్ళీ వచ్చాడు, తలస్నానం చేసి.

"సారీ చెప్పేకొచ్చినా."

"మెల్లగా! ఓనర్ లోపలుండాడు."

"మెల్లగా మాట్లాడేది నాకు రాదు మేడమ్. మిషన్ల మధ్య పెరిగినా."

"అయితే ఏదన్నా కొనండి. లేదంటే నన్ను తిడతాడు."

ఛార్జర్ కొన్నాడు. ఆ తర్వాత స్క్రీన్ గార్డ్ కొన్నాడు, కవర్ కొన్నాడు, మళ్ళీ ఛార్జర్ కొన్నాడు.

"ఇంట్లో ఎంతమంది ఉండారు సార్, ఇన్ని ఛార్జర్లకు?"

"నేనొక్కన్నే. మాది ఆలూరు పక్క. వానొస్తే సేద్యం, రాకపోతే కడప బండలు."

"మాది కోయిలకుంట్ల పక్కన పల్లె. మా నాయన గాబ్రియేలు, చర్చి పెద్ద." ఆ మాట అంటూనే ఆమె గొంతు తగ్గింది.

ఆమె భయానికి పేరూ ఊరూ అదే. గాబ్రియేలు కొట్టేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. ఊరకే చూసేవాడు. ఆ చూపుకు ఆరాధన చిన్నప్పటి నుంచి చెయ్యని తప్పులు కూడా ఒప్పుకునేది.

ఒకసారి ఆమె జేజి, నాయన తల్లి జీవమ్మ, కంటి పరీక్షకు కడప వచ్చింది. మనవరాలు పని చేసే షాపు చూస్తానని వచ్చి స్టూలు మీద కూర్చుంది. అప్పుడే ఏసుబాబు ఇంకో ఛార్జర్ కోసం వచ్చాడు. ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"యా ఊరప్పా మీది?"

"ఆలూరవ్వా."

"ఊఁ," అంది జీవమ్మ. అంతే. మజ్జిగ తాగి బస్సెక్కి వెళ్ళిపోయింది.

కడపలో వాన రావడమంటే పిలవని చుట్టం రావడమే. ఆ సాయంత్రం వచ్చింది. బస్టాండు రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. రేకుల మీద చప్పుడుకు ఎదుటి మనిషి మాట వినిపించడం లేదు. ఏసుబాబుకు అదే ధైర్యమైంది.

"నిన్ను పెండ్లి చేసుకుంటా!"

సరిగ్గా అప్పుడే వాన తెరిపిచ్చింది. మాట మాత్రం బస్టాండంతా పాకింది. పల్లీలమ్మే ఆమె నవ్వింది. జమ్మలమడుగు బస్సు కండక్టర్ "రైట్, రైట్" అన్నాడు.

ఆరాధన తల కొంగులో దాచుకుంది. "నాకు భయమేస్తాండాది."

"నేనంటేనా?"

"నువ్వంటే కాదు. మా నాయనంటే."

"నన్ను చేసుకుంటావా లేదా, అది చెప్పు."

"చెప్పినా కదా," అంది ఆమె, "నువ్వంటే భయం లేదని."

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. జీవమ్మ నిద్రలోనే పోయింది.

ఆరాధన వాళ్ళ ఇళ్ళల్లో ఒక కట్టడి ఉంది. బైబిలులో ఎక్కడా రాయలేదు, ఏ పాస్టరూ చెప్పలేదు. అయినా పాటిస్తారు. ఇంట్లో పెద్దప్రాణం పోతే ఏడాదికి చేసే జ్ఞాపక ప్రార్థన, ఏడాది కూడిక, అయ్యేదాకా కొత్తదేదీ గడప దాటకూడదు. కొత్త గుడ్డ రాకూడదు, కొత్త గిన్నె రాకూడదు, కొత్త సంబంధం అసలే రాకూడదు. ఒక్క సందు ఉంది. పోయినవాళ్ళు బతికుండగా మాట ఇచ్చి ఉంటే అది పాత మాట. దాన్ని ఏడాదిలోపే తీర్చవచ్చు.

ఆ సందులోంచి ఆరాధన మేనమామ సుందరం దూరాడు. "జీవమ్మత్త పిల్లను మా వానికే ఇస్తాననింది," అన్నాడు. ఆదివారం సాయంత్రం ప్రార్థన, ఆ తర్వాత ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, రోజు పెట్టుకోవడం. సమాధి కార్యం అయి కడపకు తిరిగొచ్చిన ఆరాధనను మళ్ళీ రమ్మన్నారు.

ఆమె ఏసుబాబుకు ఫోన్ చేసింది. మాట్లాడలేదు, ఏడ్చింది. అతను వింటూ నిలబడ్డాడు. వెనక రాయి కోసే మిషన్ అరుస్తూనే ఉంది.

"ఏడవాకు. నేనూ వస్తా ఆదివారం," అన్నాడు.

"వచ్చి?"

"మనది కూడా పాత మాటే అంటా. మీ జేజి నన్ను చూసింది కదా. యా ఊరప్పా అని అడిగింది కదా. పెండ్లి గురించి కాకపోతే ఊరెందుకు అడుగుతారు? ఆ మాటనే కొంచెం పెద్దది చేసి చెప్తాం."

"చచ్చిపోయిన మనిషి మీద అబద్ధమా?"

"అబద్ధం కాదు. చిన్నదాన్ని పెద్దది చేసేది, అంతే. ఉన్నదే కదా!"

ఆరాధన వద్దనలేదు. వద్దంటే అతను రాడేమోనని భయం, వస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. జమ్మలమడుగు మీదుగా ఊరు చేరేదాకా బస్సులో ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. అది ప్రార్థనో, రాబోయే అబద్ధానికి రిహార్సలో ఆమెకే తెలియలేదు.

ఆదివారం పొద్దు వాలేసరికి ఏసుబాబు ఆరాధన వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో పెద్ద ట్యాబ్. ఇందులో కొత్తదేదని అరిచినవాడే, కొనుక్కొచ్చాడు.

"వందనాలయ్యా. ఆరాధన పనిచేసే షాపు తెలుసు నాకు. మీరు బైబిలు చదివే చిన్న ట్యాబ్‌లో మీ కంటికి అక్షరం ఆనడం లేదని విన్నా. అందుకని..."

గాబ్రియేలు చూశాడు. ఆ చూపు. ఏసుబాబు ట్యాబ్‌ను రెండు చేతులతో ముందుకు చాచాడు.

"కొత్త వస్తువు గడప దాటకూడదప్పా. మా యమ్మ పోయి ఏడాది కాలే."

"ఇది కొత్తది కాదయ్యా. మీ చిన్నదే పెద్దదైంది. అదే బైబిలు, అవే కీర్తనలు. అక్షరం ఒకటే పెద్దది."

గాబ్రియేలు ట్యాబ్ వైపు చూశాడు. ఆశ పడ్డాడనే చెప్పాలి. "కొత్తది కాదంటావు?"

"కానే కాదు."

"అయితే రా."

నడింట్లో చాప మీద సుందరం కూర్చుని ఉన్నాడు. ఆరాధన తల్లి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆరాధన గోడకు ఆనుకుని ఏసుబాబు వైపు చూడకుండా చూస్తోంది. గాబ్రియేలు ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని ఒక కీర్తన తీశాడు. పైకి చదవలేదు. చూస్తూ ఉండిపోయాడు. 

"బావా," అన్నాడు సుందరం చివరికి, "ప్రార్థన అయితే రోజు అనుకుందామా? పెద్దామె ఇచ్చిన మాట."

ఏసుబాబు లేచాడు. షాపంతా అదరగొట్టిన గొంతు అది. ఇప్పుడు గుసగుసగా కూడా బయటికి రాలేదు. రెండుసార్లు దగ్గాడు.

"అయ్యా... ఆమె... మీ యమ్మ... మాకూ మాట ఇచ్చింది. నాకు, ఆరాధనకు. కడపలో."

సుందరం ఎగిరి లేచాడు. "ఎవురు నువ్వు? యాడినుంచి ఊడిపడినావు?"

"కూచో సుందరం," అన్నాడు గాబ్రియేలు. ఏసుబాబును వదిలేసి కూతురి వైపు తిరిగాడు. "ఆరాధనా, నిజమేనా? మా యమ్మ మాట ఇచ్చిందా?"

ఒక్క 'ఊఁ' చాలు. ఆమె గొంతులో అది సిద్ధంగా ఉంది. ఏసుబాబు కళ్ళు బతిమాలుతున్నాయి.  అంత భయంలో ఆమెకు ఒకటే తోచింది. ఈ 'ఊఁ' అంటే ఏసుబాబు తనకు దక్కుతాడు. జేజి పోతుంది, రెండోసారి.

"లేదు నాయనా," అంది. "జేజి యా ఊరప్పా అని అడిగింది. ఆలూరంటే ఊఁ అనింది. అంతకుమించి ఏం అనలేదు."

ఏసుబాబు కళ్ళు మూసుకున్నాడు.

"మాది పాత మాట కాదు. కొత్తదే. మా ఇద్దరిదే. జేజి నెత్తిన పెట్టను. నువ్వు చంపినా సరే."

వంటింట్లో ఎసరు కాగుతోంది. గాబ్రియేలు కూతుర్ని చూశాడు. ఈసారి ఆమె తల దించలేదు. ఏడుస్తూనే చూసింది.

"సుందరం," అన్నాడు గాబ్రియేలు, చూపు తిప్పకుండానే. "నీకు మా యమ్మ ఏమనింది?"

"ఇస్తాననింది బావా."

"ఆ మాటే అనిందా? ఆమె నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు చెప్పు. నా కూతురు చెప్పినట్టు."

సుందరం చాప అంచు పీకాడు. "అదీ... మా వాని సంగతి చూడత్తా అంటే... చూద్దాంలే సుందరం, అనింది."

"చూద్దాంలే."

"అంటే అదే కదా బావా!"

"మా యమ్మ కూరగాయల బండోనికి కూడా చూద్దాంలే అనేదప్పా. వానికిస్తుందా పిల్లను?"

వంటింటి గుమ్మంలో ఆరాధన తల్లి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడి మీద నవ్వకూడదు కాబట్టి. సుందరం తువ్వాలు భుజాన వేసుకున్నాడు, వేసుకుని మళ్ళీ కూర్చున్నాడు. అన్నం తినకుండా పోయేంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు.

"ఇంగ నువ్వు," అన్నాడు గాబ్రియేలు.

ఏసుబాబు నిటారుగా నిలబడ్డాడు. తన్నులకు సిద్ధమయ్యాడు.

"ఇది కొత్తది కాదంటివి."

"అన్నానయ్యా."

"అబద్ధం. చిన్నదాంట్లో అక్షరం పెద్దది చేసుకుంటే వాక్యం తెగిపోతాండె. తల కనపడితే తోక కనపడదు. వేలితో జరుపుకుంటా పోతే ముందు చదివింది మర్చిపోతాంటి. ఇందాక వాక్యం మొత్తం ఒక్క చూపులో కనపడింది. ఎన్నో ఏండ్లయింది అట్ల చూసి. మా యమ్మ పోయిన దినం కూడా నాకు ఏడుపు రాలే. ఇప్పుడొచ్చింది." ఆయన కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "ఇది కొత్తదే. ముమ్మాటికీ కొత్తదే. మాయ చెప్పి గడప దాటించినావు."

"తప్పయిందయ్యా."

"ఎత్తుకుపో. ఏడాది కూడిక అయినాక తే. ఒంటిగా రావాకు. మీ పెద్దోళ్ళను పిల్చుకోని రా. దీన్నీ తే, ఆ మాటనూ తే. కొత్తదాన్ని కొత్తదని చెప్పే తే."

అర్థం కావడానికి ఏసుబాబుకు క్షణం పట్టింది. అర్థమయ్యాక గబుక్కున ఆరాధన వైపు చూశాడు. ఆరాధన గోడ వైపు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో వెనక నుంచి తెలియలేదు.

అతను ట్యాబ్ కోసం రెండు చేతులూ చాచాడు. గాబ్రియేలు ఇవ్వలేదు.

"ఉండప్పా. ఈ కీర్తన ఒకటి అయిపోనీ."

"చదవండయ్యా, చదవండి. ఏ కీర్తన?"

"నూట పంతొమ్మిది."

బైబిలు మొత్తంలో అంత పొడుగు కీర్తన ఇంకోటి లేదు. ఏసుబాబు సుందరం పక్కన చాప మీద కూలబడ్డాడు. ఆరాధన తల్లి లోపలికి పోయి, ఎసట్లో ఇంకో రెండు పిడికెళ్ళ బియ్యం పోసింది.