తొమ్మిదో ఇన్నింగ్స్ కిటికీ

బెర్నడీన్ కోస్టెల్నిక్‌కి ఇరవై నాలుగేళ్లొచ్చాయి గానీ గూఢచారి పని ఎలా చేస్తారో తెలియదు. అయినా ఆ మంగళవారం మెల్బీ బేస్‌బాల్ జట్టు మేనేజర్ హాల్‌స్టెడ్ ఆమెను తన గదికి పిలిచి, తలుపు మూసి, ఆ పనే అప్పగించాడు.

"స్కోర్‌బోర్డు లోపల కూర్చునే ఆరిన్ టేబర్ తెలుసా నీకు?"

"పేరు తెలుసు సార్. మనిషితో ఎప్పుడూ మాట్లాడలేదు. నేను ఈ చివర, అతను ఆ చివర."

"ఇక నుంచి చూడు. రెప్ప వేయకుండా చూడు."

అది 1957 వేసవి. అమెరికాలో ఎరీ సరస్సు ఒడ్డున మెల్బీ పార్క్ అనే చెక్క స్టేడియం ఇంకా నిలబడే ఉంది. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక, గ్యాలరీ పైకప్పు మీద కట్టిన చిన్న గదిలో బెర్నడీన్ ఆట మధ్యలో జనాన్ని హుషారు చేయడానికి ఆర్గాన్ వాయించేది. మైదానానికి ఎదురు చివర స్కోర్‌బోర్డు. అందులో ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌కీ ఒక్కో కిటికీ. ఇన్నింగ్స్ అయ్యాక లోపలి మనిషి చేత్తో అంకె బిగించేదాకా అది తెరిచే ఉంటుంది.

పోయిన నెల గ్రేస్‌బర్గ్ జట్టు ఇక్కడ చిత్తుగా ఓడిపోయింది. తమ పిచ్చర్ వేయబోయే ప్రతి బంతీ మెల్బీ బ్యాటర్లకు ముందే తెలిసిపోయిందని వాళ్లు పోటీలు నడిపే లీగ్‌కి ఉత్తరం రాశారు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్, ఏ బంతి వేయాలో మోకాళ్ల మధ్య వేళ్లతో పిచ్చర్‌కి చేసే సైగల్ని ఎవరో దూరం నుంచి చదివి చేరవేస్తున్నారట.

"శుక్రవారం వాళ్లు మళ్లీ వస్తున్నారు. మూడు ఆటలు," అన్నాడు హాల్‌స్టెడ్. "ఆదివారం ఆట అవగానే నాకు సంగతి తేలాలి. అతనే అయితే ఆ రోజే పంపించేస్తాను."

ఒక మనిషి ఉద్యోగం తన నోటి మాట మీద ఉందనేసరికి బెర్నడీన్‌కి ఆ రాత్రి తిండి సయించలేదు.

శుక్రవారం పిన్ని దగ్గర తెచ్చుకున్న, నాటకాలు చూసే చిన్న బైనాక్యులర్లు తీసి చూసింది. తొమ్మిదో ఇన్నింగ్స్ కిటికీలోంచి రెండు నల్లటి గాజుకళ్లు! సూటిగా ఇటే చూస్తున్నాయి. ఆమె గదికి సరిగ్గా కిందే క్యాచర్ కూర్చుని ఉన్నాడు.

'దొరికావు దొంగా!' అనుకుంది. ఎందుకో సంతోషం మాత్రం కలగలేదు.

శనివారం ఆటకు ముందు వాన పట్టుకుంది. వేరుశెనక్కాయలమ్మే గస్ ఫేహీ బండి దగ్గర, రేకు కిందకు ఆమె పరుగెత్తితే, అప్పటికే అక్కడొక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. వేళ్లకు తెల్ల రంగు.

"మీరేనా ఆర్గాన్?" అన్నాడు.

"ఆర్గాన్ పైనుంది. నేను బెర్నడీన్‌ని. మీరేనా స్కోర్‌బోర్డు?"

"నిన్న మూడో ఇన్నింగ్స్‌లో పిచ్చర్ బంతి వేసే ముందు 'ఢం', 'ఢం' అని రెండుసార్లు వాయించారు. ఎందుకండీ?"

"మోచెయ్యి తగిలింది."

"రెండుసార్లా?"

"నాకు రెండు మోచేతులున్నాయి మిస్టర్ టేబర్. అది సరే, మీ తొమ్మిదో కిటికీలోంచి అంతసేపు ఏం చూస్తుంటారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతను మెడ తడుముకున్నాడు. "గాలి కోసం."

"గాలిని బైనాక్యులర్లతో చూస్తారా?"

గస్ పకపకా నవ్వాడు. "ఏవమ్మా, మీ ఇద్దరూ పెళ్లయి ఇరవై ఏళ్లయినవాళ్లలా పోట్లాడుకుంటున్నారు! ఇదిగో, కాయలు తినండి. నోళ్లు మూతపడతాయి."

ఆరిన్ పొట్లం ఆమె వైపు చాపాడు. తీసుకోవాలా వద్దా అని ఆమె ఆలోచించింది. వేడిగా ఉన్నాయి. తీసుకుంది.

"మీ గది పైకప్పు కారుతోంది కదా? ఒక చేత్తో వాయిస్తూ రెండో చేత్తో గిన్నె జరుపుతుంటారు," అన్నాడతను.

"అది మీకెలా తెలుసు?"

అతను టోపీ కిందకు లాక్కుని వానలోకి వెళ్లిపోయాడు. ఆట మొదలయ్యేసరికి ఆమె ఆర్గాన్ మీద కొత్త మైనగుడ్డ కప్పి ఉంది. దొంగలకి ఇంత దయ ఉంటుందా? లేక లంచమా? ఆమె రెండు రకాలుగానూ ఆలోచించింది. మైనగుడ్డ మాత్రం తీసేయలేదు.

ఆదివారం మెల్బీ వాళ్లు మళ్లీ బాదేస్తున్నారు. ఐదో ఇన్నింగ్స్‌లో బెర్నడీన్ ఒక పరీక్ష పెట్టింది. బల్ల మీంచి లేచి గది ఎడమ చివరకు నడిచింది. దూరాన గాజుకళ్లు ఎడమకు తిరిగాయి. కుడివైపుకు వచ్చింది. అవీ కుడికి వచ్చాయి. కింద క్యాచర్ ఉన్నచోటే ఉన్నాడు. కిటికీ కింద నక్కి కూర్చుంది. గాజుకళ్లు కంగారుగా అటూ ఇటూ వెతికాయి.

ఆమె ఠక్కున లేచి తన బైనాక్యులర్లు ఎత్తి, చెయ్యి ఊపింది.

అంతే! ఐదో ఇన్నింగ్స్ జరుగుతుండగానే తొమ్మిదో కిటికీలో సున్నా వచ్చి పడింది. స్టేడియమంతా గొల్లున నవ్వింది.

ఆట అయ్యాక ఆమె మెట్లు దిగి, ఎత్తు మడమల బూట్లు విప్పి చేతబట్టుకుని, తడి గడ్డి మీద స్కోర్‌బోర్డు దాకా నడిచి తలుపు బాదింది.

"బయటికి రండి! మీరు క్యాచర్‌ని చూడట్లేదు. నన్ను చూస్తున్నారు. ఎందుకు?"

ఆరిన్ ముఖం కందిపోయింది. "హాల్‌స్టెడ్ చూడమన్నాడు. గ్యాలరీలోంచి ఎవరో సైగ చేస్తే మీరు ఆర్గాన్‌తో బ్యాటర్లకి చెబుతున్నారని ఆయన అనుమానం. మీరే అయితే మిమ్మల్ని పంపించేస్తాడట."

"నన్నా? నాతో మీ మీద కన్నేయమన్నాడు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మరి బంతులు ముందే ఎలా తెలుస్తున్నాయి?" అంది బెర్నడీన్.

ఖాళీ బెంచీల మధ్య తొక్కలు ఊడుస్తున్న గస్ తల ఎత్తాడు. "ఆ గ్రేస్‌బర్గ్ పిచ్చర్ సంగతా? మెలిక బంతి వేసే ముందు గ్లవ్ ఇంత బార్లా తెరుస్తాడు. మన బ్యాటర్లకే కాదు, ఈ బెంచీల మీద అందరికీ తెలుసు. మీరిద్దరే ఆట చూడ్డం లేదు!"

హాల్‌స్టెడ్ తన గదిలో అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే మన తప్పు లేదు. కానీ ఆ మాట లీగ్‌కి రాస్తే వాళ్ల పిచ్చర్ ఆ అలవాటు మానుకుంటాడు. వచ్చే నెల మనల్ని చితక్కొడతాడు. రాయకపోతే లీగ్ ఊరుకోదు, ఎవరినో ఒకరిని చూపించాలి." ఆయన చూపు ఆరిన్ మీద వాలింది. "అంకెలు మార్చే మనిషి ఎక్కడైనా దొరుకుతాడు."

ఆరిన్ టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు. "సరే సార్," అన్నాడు మెల్లగా. "ఆమెను మాత్రం ఏమీ అనొద్దు."

"సరేంటి?" బెర్నడీన్ బూట్లు టేబుల్ మీద ఠప్పున పెట్టింది. "ఓడిపోతే ఓడిపోదాం సార్! ఇతన్ని పంపిస్తే రేపటి నుంచి ఆర్గాన్ మీరే వాయించుకోండి."

"ఇతనంటే నీకెందుకమ్మా అంత పట్టింపు?"

ఆమె బూట్లు మళ్లీ చేతిలోకి తీసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. హాల్‌స్టెడ్ ఆ చెవుల్ని కాసేపు చూసి, నిట్టూర్చి, కలం తీసి లీగ్‌కి నిజం రాయడం మొదలుపెట్టాడు.

బయట వరండాలో ఆరిన్ అన్నాడు, "నా కోసం జట్టునే ఓడించేశారు."

"మీ కోసమేం కాదు. న్యాయం కోసం." రెండడుగులు వేసి ఆగింది. ఇంకా ఏదో కుదరడం లేదు. అనుమానంగా చూసింది. "హాల్‌స్టెడ్ మీకు ఎప్పుడు చెప్పాడు, నా మీద కన్నేయమని?"

"మంగళవారం."

"పైకప్పు కారింది అంతకు ముందు వానలకి. ఈ వారం శనివారం దాకా చుక్క పడలేదు. మరి నేను గిన్నె జరపడం మీరెప్పుడు చూశారు?"

ఆరిన్ నేల చూశాడు. గోడ చూశాడు. చివరికి ఆమెను చూశాడు.

"మే నెల నుంచీ చూస్తున్నాను."

బెర్నడీన్ బూట్లు అతని చేతికిచ్చి, అతని భుజం పట్టుకుని, ఒక్కో కాలే ఎత్తి నెమ్మదిగా తొడుక్కుంది. తొడుక్కోవడం అయిపోయాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంచింది.