మూడోసారి గెలిచిన దీవెనమ్మ

"మీరు గెలిచారు" అంది నీతితుల. ఇది మూడోసారి.

దీవెనమ్మకు ఒళ్ళు మండిపోయింది. "గెలిచానని నాకు తెలవదా? గెలిచినందుకే గదా మళ్ళీ వచ్చింది!"

జిల్లా కోర్టులో వకీళ్ళ బల్లలు తీసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడంతా నీతితులే. ఫిర్యాదు చెప్పుకుంటే చాలు, ఆ యంత్రం దాన్ని రాజ్యాంగ నైతికతతో తూచి తీర్పు చెప్పేస్తుంది. ఊళ్ళో ఎందరు కాదన్నారో, ఆచారం ఏమంటుందో దానికి అక్కర్లేదు. కులం చూడదు, లంచం తినదు. జడ్జిగారు కింద వేలిముద్ర వేస్తారు. ఆయన పని అంతే.

బడిలో దీవెనమ్మ వండితే మా పిల్లలు తినరని ఊరు అడ్డం తిరిగినప్పుడు, కన్నుమూసి తెరిచేలోగా తీర్పిచ్చింది: ఆమే వండాలి. రెండోసారి వెళ్తే ఇంకో తీర్పు: పిల్లలంతా ఒకే బంతిలో కూర్చోవాలి. కూర్చున్నారు. ఆమె వడ్డించింది. ఒక్కరూ ముద్ద ముట్టలేదు. పప్పు విస్తళ్ళలోనే చల్లారి గడ్డకట్టింది.

బడి కమిటీ పెద్ద మాలకొండయ్య గోడకానుకుని నవ్వాడు. "తీర్పు ప్రకారమే గదమ్మే కూర్చోబెట్టాం! తినమని నీ యంత్రం చెప్పలేదే?"

అదీ సంగతి. దీవెనమ్మ ఇక యంత్రాన్ని వదిలేసి జడ్జిగారి వైపు తిరిగింది.

"అయ్యా, ఆ మాలకొండయ్యను పిలిపించండి. నా చేతి కూడు ఎందుకు తినకూడదో నలుగురిలో, నా మొహం మీద చెప్పమనండి. ఇంతవరకూ ఆయన్ని ఒక్క మాటన్నా అడిగినోళ్ళున్నారా?"

"విచారణ అనవసరం" అంది నీతితుల. "ఫిర్యాది గెలిచారు."

"నువ్వు నోర్ముయ్యి!"

జడ్జిగారు ఉలిక్కిపడ్డారు. వేలిముద్రకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. యంత్రం ఇచ్చిన తీర్పులన్నీ సరైనవే, ఒక్కదానికీ వంక పెట్టలేం. కానీ తప్పు చేసినవాడు ఒక్కడైనా ఈ గదిలో నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాడా?

ఆయన లేచి నీతితులను ఆపేశారు.

"సరేనమ్మా, పిలిపిస్తాను. ముందు నీ మాట వింటాను."

కుర్చీలో సర్దుకుని నోరు తెరిచారు. ఎదురుగా మనిషిని నిలబెట్టి ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో! ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, ఆరిపోయిన యంత్రం వైపే చూశారు.

దీవెనమ్మ చూసి చూసి విసిగిపోయింది. కొంగు నడుముకు దోపుకుని బల్ల దగ్గరకు జరిగింది.

"ముందు నా పేరు అడగండయ్యా."